యుగంధర్ నీడలో తాలూకా దర్యాప్తు

నేరం జరిగిన తీరును ఆధారాలను బట్టి అంచెలంచెలుగా విప్పి చూపే అపరాధ పరిశోధక నవలను తెలుగు పాఠకులు ఇరవయ్యో శతాబ్దంలో ఎంతగా ఆదరించినా, అందులో చింతలపూడి వంటి మెట్ట తాలూకా పోలీసు అధికారికి కథానాయకత్వం దక్కడం అరుదు. కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన యుగంధర్ మద్రాసులో నివసించే ప్రైవేటు డిటెక్టివ్. అసిస్టెంటు రాజు అతనికి కుడిభుజం కాగా, పోలీసు ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావుది అతని పక్కన నిలిచే పాత్ర. 1887లో తొలిసారి అచ్చయిన షెర్లాక్ హోమ్స్ కథ వేసిన ఒరవడి ఇది.

వాస్తవంలో నేరాన్ని దర్యాప్తు చేసి నిందితుణ్ణి కోర్టు ముందు నిలబెట్టే బాధ్యత పోలీసులదే. 1859 నాటి చట్టం మద్రాసు రాజధానిలో పోలీసు వ్యవస్థను పునర్నిర్మించినా, ఊళ్లలో గ్రామ మునసబు పాత్ర కొనసాగింది. 1984లో ఆ పదవులు రద్దయ్యేవరకు, హత్య జరిగిందన్న కబురు ఆయన రాసిన రిపోర్టు రూపంలో స్టేషనుకు చేరడం పరిపాటి. అనుమానాస్పద మరణమైతే ఎస్సై పెద్దమనుషుల సమక్షంలో శవపంచాయతీ జరిపి, అంటే మృతికి కనిపించే కారణాన్ని విచారించి, శవం పడి ఉన్న తీరును, ఒంటిమీది గాయాలను కాగితం మీద పెట్టి, వారి చేత సంతకాలు చేయించేవాడు.

అసలైన చిక్కు ఆ తరువాతిది. 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను ప్రకారం పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై రుజువు చేయడానికి వీలుండేది కాదు. అయితే కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పిన సమాచారం వల్ల ఒక వస్తువు బయటపడితే, ఆ మాటల్లో దానికి నేరుగా సంబంధించినంత మేరకు 27వ సెక్షను కింద చెల్లేది. అందుకే "నేనే నరికాను" అన్న మాట కోర్టులో నిలవకపోయినా, "కత్తి చెరువుగట్టు పొదలో దాచాను" అని చూపించి తీయించిన కత్తి నిలుస్తుంది. ఆ స్వాధీనానికి సాక్షులుగా సంతకం చేసేవారే మధ్యవర్తులు. ఆ చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఈ సూత్రాన్ని నిలిపి ఉంచింది.

పోలీసు దెబ్బలకు నోరు విప్పిన వాణ్ణి రక్షించడానికి పుట్టిన ఈ నియమం, నిజం తెలిసిన అధికారికి సైతం దాన్ని సాక్ష్యంగా నిరూపించవలసిన భారాన్ని మిగిల్చింది. హంతకుడెవరో మొదటిరోజే ఊరంతటికీ తెలిసిపోయే చిన్న పట్నంలో, సాక్షీ నిందితుడూ ఒకే వీధివాళ్లయిన చోట, ఆ భారాన్ని మోసే ఎస్సై యుగంధర్‌కు ఏమాత్రం తీసిపోని కథానాయకుడు. తెలుగు నవల అతనికి ఇంకా పూర్తిగా న్యాయం చేయవలసే ఉంది.