రాణి మల్లమ్మదేవి

రాణి మల్లమ్మదేవి (మరణం: 1757 జనవరి 24) బొబ్బిలి వెలమ ప్రభువు రాజా రంగారావు భార్య. ఫ్రెంచి, విజయనగరం సేనలు బొబ్బిలి కోటను ముట్టడించిన రోజున కోటలోని ఇతర స్త్రీలతో పాటు ఆమె ప్రాణాలు కోల్పోయింది. అప్పటికి ఆమె కొడుకు ఇంకా పసివాడు. మాన రక్షణ కోసం ప్రాణాలను తృణప్రాయంగా వదిలిన వీరవనితగా జంగం కథలు, నాటకాలు, సినిమాలు ఆమెను నిలబెట్టాయి. ఆ ధైర్యాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే సమకాలీన ఆధారాలను, కథాసంప్రదాయాన్ని పక్కపక్కన పెట్టి చదివితే ఆనాటి మరణాలన్నీ స్త్రీలు స్వయంగా ఎంచుకున్నవేనని చెప్పడానికి వీల్లేదు. యుద్ధం, దాని వెనుక ఉన్న పరువు లెక్క కలిసి వారి ప్రాణాలు తీశాయన్నది ఆధారాలకు దగ్గరగా ఉన్న నిర్ణయం.

నేపథ్యం

1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. వారి ప్రతినిధి బుస్సీ శిస్తు వసూలు కోసం విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజును నమ్ముకున్నాడు. బొబ్బిలికీ విజయనగరానికీ నీటి తగాదాలు, ప్రతిష్ఠల పోరు అంతకుముందు నుంచే ఉన్నాయి. ఇరుగుపొరుగు సంస్థానాల పాత కక్షకు ఇప్పుడు ఫ్రెంచి ఫిరంగులు తోడయ్యాయి. బొబ్బిలిని వదిలి మరోచోట భూములు తీసుకొమ్మన్న ప్రతిపాదనను రంగారావు ఒప్పుకోలేదు. పూర్వీకుల కోటను విడవడమంటే ఆయన దృష్టిలో బతికుండగానే చచ్చిపోవడం.  ఈ నిర్ణయాల ఫలితం రాణివాసం మీద కూడా పడింది.

కోట పతనం

ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ఈ యుద్ధాన్ని వివరంగా రాశాడు. తెల్లవారుజామున మొదలైన దాడిని కోటవారు గంటల తరబడి ఎదిరించారు. ముఖ్యులు చాలామంది కూలిపోయాక, ఇక నిలబడలేమని తేలినప్పుడు, శత్రువు చేతికి చిక్కకుండా స్త్రీలనూ పిల్లలనూ కడతేర్చాలని రంగారావు ఆజ్ఞాపించాడని ఆయన కథనం. కోట నడుమ ఉన్న నివాసాలకు నిప్పు పెట్టారు. బయటికి పరుగెత్తినవారిని బల్లేలతో పొడిచారు. పోరు ముగిశాక ఒక వృద్ధుడు రంగారావు కొడుకును తెచ్చి లా అనే ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. తండ్రి ఇష్టానికి విరుద్ధంగా బిడ్డను కాపాడానని చెప్పాడు. ఆజ్ఞను కాదనడం ఆ వేళ కూడా సాధ్యమేనని, కాదన్నవారు ఉన్నారని ఈ ఒక్క సంగతి రుజువు చేస్తుంది. అందుకే ఆ మరణాలను విధిలిఖితమని సరిపెట్టుకోలేం.

ఆధారాలపై అభ్యంతరాలు

ఓర్మ్ పరాయివాడు, యుద్ధాన్ని కళ్లారా చూడనివాడు, అతని మాట ఎందుకు నమ్మాలన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ బొబ్బిలివారి పరాక్రమాన్ని ఆయన తక్కువ చేయలేదు, మెచ్చుకున్నాడు కూడా. పైగా స్త్రీల మరణం విషయంలో ఆయనకూ తెలుగు కథకులకూ తేడా లేదు. తేడా అంతా నిర్ణయం ఎవరిదన్న దగ్గరే ఉంది. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' ఆ శతాబ్దంలోనే వచ్చింది. జంగం కథకులు మల్లమ్మకు గొంతునిచ్చారు. జనం చెప్పుకునే కథలో ఆమె బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడి చెల్లెలు, అన్నకు కబురు పంపిన ఆడపడుచు. దీన్ని కల్పనగా తోసిపుచ్చడం తొందరపాటు. సిద్దిపేట జిల్లా కొమురవెల్లిలో ఒగ్గు కళాకారులు మల్లన్న కథ చెప్పేటప్పుడు ఆయన భార్యలు మేడలమ్మ, కేతమ్మలకూ వారివారి మాట ఉంటుంది. దస్తావేజులు పట్టించుకోని స్త్రీకి గొంతునివ్వడం కథాసంప్రదాయం చేసే పని. ఆ గొంతు జనం ఆమెను ఎలా గుర్తుపెట్టుకున్నారో చెబుతుంది. ఆ రోజు ఆమె ఏమన్నదో చెప్పడానికి అది సాక్ష్యం కాదు. ఆనాటి పద్ధతిని నేటి విలువలతో కొలవరాదనే వాదన కూడా ఉంది. బిడ్డను దాచిన వృద్ధుడు ఆ కాలం మనిషే. కనుక ప్రాణం నిలపాలన్న విలువ మన కాలం ఆ కాలం మీద రుద్దినది కాదు.

వారసత్వం

యుద్ధం జరిగిన కొద్ది రోజులకే విజయరామరాజు తన గుడారంలో బొబ్బిలివారి కత్తికి బలయ్యాడు. ఈ పని పాపారాయుడిదేనని తెలుగునాట ప్రసిద్ధి. బతికిన బిడ్డ చిన రంగారావు విజయనగరంలో నిర్బంధాన్ని అనుభవించాడు. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం ఓడిపోయిన తరువాత ఆంగ్లేయులు బొబ్బిలిని అతనికి తిరిగి ఇచ్చారు. బొబ్బిలిలో 1891లో యుద్ధ స్మారక స్తంభం నిలిపారు. 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' చిత్రంలో భానుమతి మల్లమ్మదేవి పాత్ర ధరించగా, ఎన్.టి. రామారావు రంగారావుగా, ఎస్.వి. రంగారావు పాపారాయుడిగా నటించారు. వేణుగోపాలస్వామిని కొలిచే ఆత్మగౌరవం గల రాణి రూపం ఈ చిత్రంతో ఇంటింటికీ చేరింది. అయితే సంస్థానం మళ్లీ నిలబడడానికి వారసుడిని మిగిల్చింది ప్రతీకారం కాదు, ఆజ్ఞను కాదని ఒక బిడ్డను కాపాడిన మనిషి తెగువ. మల్లమ్మదేవిని స్మరించేటప్పుడు ఆమె తెగువతో పాటు ఆమెకు బతికే దారి మూసిన పరిస్థితులను కూడా చెప్పాలి. పేర్లు మిగలని ఆ కోట స్త్రీలకు, పిల్లలకు చరిత్ర ఇవ్వవలసిన న్యాయం కూడా అదే.