బోస్టన్‌లో ఉరి, లండన్‌లో రాజాజ్ఞ

ఇంగ్లండులో రాజుగారి చర్చి పెట్టే బాధలు పడలేక సముద్రం దాటిన ప్యూరిటన్లు, మసాచుసెట్స్‌లో తమ మాటే వేదమన్నారు. దైవజ్యోతి ప్రతి మనిషిలోనూ ఉందనీ, దాన్ని చేరడానికి పురోహితుడు అక్కరలేదనీ అనే క్వేకర్లను వారు సహించలేకపోయారు. వెళ్లగొట్టాక తిరిగివస్తే మరణమేనని 1658లో చట్టం చేశారు. మరుసటి అక్టోబరులో ఇద్దరిని ఉరితీశారు. వారి పక్కనే, మెడకు తాడు తగిలించిన మేరీ డయ్యర్‌ను చివరి క్షణంలో దింపి పంపివేశారు. ఆమె మళ్లీ వచ్చింది. 1660 జూన్ 1న ఉరి తప్పలేదు.

లండన్‌లో ఎడ్వర్డ్ బరో అనే క్వేకరు రెండవ చార్లెస్‌కు మొరపెట్టుకున్నాడు. ఉరిశిక్షలు ఆపి, నిందితులను ఇంగ్లండుకు పంపమని 1661లో రాజు ఆజ్ఞాపించాడు. ఆ ఉత్తరం పట్టుకెళ్లినవాడు శామ్యూల్ షాటక్; తిరిగివస్తే చంపుతామని ఆ కాలనీయే వెలివేసిన క్వేకరు! అతని టోపీ తీయించిన గవర్నరు ఎండికాట్, ఉత్తరం చూశాక తన టోపీ తానే తీశాడని క్వేకర్లు రాసుకున్నారు.

ఇది కరుణేనా? కొంత కావచ్చు. ప్రాణాలు తీసే అధికారం ఎవరిదో కాలనీకి గుర్తుచేయడం అంతకన్నా ముఖ్యం. బోస్టన్‌లో కొరడాదెబ్బలు ఆగలేదు. 1662లో అదే రాజు ఆమోదంతో ఇంగ్లండులోనూ క్వేకర్ల సభలు నేరమయ్యాయి. బరో న్యూగేట్ చెరసాల పాలయ్యాడు. విడిచిపెట్టమని రాజు పంపిన ఆజ్ఞను నగరాధికారులు అమలు కానివ్వలేదు. ముప్పై ఏళ్లైనా నిండకుండా, 1663లో అతడు అక్కడే జబ్బుపడి మరణించాడు.