లినక్సు మ్యూజిక్ ప్లేయర్లు

లినక్సు మ్యూజిక్ ప్లేయర్లు అనగా లినక్సు ఆపరేటింగ్ సిస్టం గల కంప్యూటర్లలో పాటలు వినుటకు, వాటిని వర్గీకరించి భద్రపరచుకొనుటకు ఉపయోగపడే సాఫ్టువేర్లు. వీటిలో అధికభాగం స్వేచ్ఛా సాఫ్టువేర్లు. ఒక ప్లేయరు అభివృద్ధి ఆగిపోయినా, దాని సోర్సు కోడు ఆధారంగా ఇతరులు కొత్త ప్లేయరును తయారుచేయవచ్చును. ప్లేయర్లు తరచు మారుతుంటాయి కనుక, పాటల వివరాలను ఏ ప్లేయరులోనైనా చదవగలిగే విధంగా దాచుకొనడం ముఖ్యం. తెలుగు పాటల విషయంలో ఈ అవసరం మరింత ఎక్కువ.

చరిత్ర

1997లో ఎక్స్11ఆంప్ పేరుతో మొదలైన ఎక్స్‌ఎంఎంఎస్, విండోసులోని వినాంప్‌ను పోలి ఉండేది. దాని నుండి బీప్ మీడియా ప్లేయరు, ఆ ప్లేయరు నుండి 2005లో ఆడేషియస్ వెలువడినవి. కేడీఈ వాడుకరుల కొరకు 2003లో మొదలైన అమరోక్, 1.4 వెర్షనుతో (2006) మంచి ఆదరణ పొందినది. 2008 డిసెంబరులో విడుదలైన 2.0 వెర్షనులో రూపురేఖలు చాలా మారినవి. పాత తీరును కోరినవారి కొరకు 1.4 ఆధారంగా 2010లో క్లెమెంటైన్, దాని నుండి 2018లో స్ట్రాబెర్రీ వచ్చినవి. ఉబుంటు 11.04 (2011)లో రిథంబాక్స్‌కు బదులు బాన్షీని చేర్చారు, 12.04 (2012)లో తిరిగి రిథంబాక్స్‌నే చేర్చారు. తరువాత బాన్షీ అభివృద్ధి నిలిచిపోయినది.

ప్లేయరు ఎంపిక

* రిథంబాక్స్: గ్నోమ్ డెస్కుటాపుకు చెందినది. గాయకుడు, ఆల్బం వారీగా పాటలను చూపుతుంది. సాధారణ వాడుకకు అనుకూలం.
* స్ట్రాబెర్రీ: పెద్ద సేకరణలు ఉన్నవారికి తగినది. పాటల వివరాలను ఇందులోనే సవరించవచ్చును.
* ఆడేషియస్: తక్కువ మెమరీ గల పాత కంప్యూటర్లకు తగినది. వినాంప్ స్కిన్లను కూడా వాడవచ్చును.
* వీఎల్‌సీ: దాదాపు అన్ని రకాల ఫైళ్ళను పాడించగలదు. సేకరణ నిర్వహణకు మాత్రం అంత అనుకూలం కాదు.
* ఎంపీడీ: తెర వెనుక సర్వరుగా పనిచేస్తుంది. ఇంట్లోని మరొక కంప్యూటరు లేదా ఫోను నుండి దీనిని నియంత్రించవచ్చును.
* సీమస్: టెర్మినల్‌లో పనిచేస్తుంది. చాలా టెర్మినళ్ళలో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా కనిపించవు.

ఎంపీ3 పేటెంట్ల కారణంగా 2017 వరకు అనేక లినక్సు పంపిణీలు దాని కోడెక్‌ను ముందుగా చేర్చేవి కావు; వాడుకరులు విడిగా స్థాపించుకొనవలసి వచ్చేది. ఆగ్ వోర్బిస్, ఫ్లాక్ ఫార్మాట్లకు ఈ ఇబ్బంది లేదు.

తెలుగులో పాటల వివరాలు

పాట పేరు, గాయకుని పేరు వంటి వివరాలను ఫైలులోనే ట్యాగుల రూపంలో భద్రపరుస్తారు. ఎంపీ3 ఫైళ్ళలో వాడిన తొలి పద్ధతియైన ఐడీ3వీ1లో పాట పేరుకు 30 బైట్లు, గాయకుని పేరుకు 30 బైట్లు మాత్రమే కేటాయించారు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరానికి, ప్రతి గుణింతపు గుర్తుకు 3 బైట్లు కావలెను. విజయనగరం సంగీత కళాశాల ప్రధానాచార్యులుగా పనిచేసిన వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు పేరుకు 70 బైట్లు పడుతుంది. దానిని 30 బైట్లకు కుదించినచో "ద్వారం వెం" వరకే మిగులును. ఐడీ3వీ2లో ఈ పరిమితి లేదు, 2.4 వెర్షను యూటీఎఫ్-8ను అనుమతిస్తుంది. వోర్బిస్, ఫ్లాక్ ట్యాగులు ఎల్లప్పుడూ యూటీఎఫ్-8లోనే ఉంటాయి.

సినిమా పాటల వివరాలను మ్యూజిక్‌బ్రెయిన్జ్ వంటి డేటాబేసుల నుండి పికార్డ్ సాఫ్టువేరుతో తెచ్చుకొనే వీలున్నది. సొంతంగా రికార్డు చేసిన జానపద కళారూపాలకు ఆ సౌకర్యం ఉండదు. ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఎవరైనా ఒక జముకుల కథను రికార్డు చేసినచో, కళాకారుల పేర్లు, ఊరు, తేదీ ఈజీట్యాగ్ వంటి సాఫ్టువేరుతో స్వయంగా చేర్చవలెను. ఫ్లాక్ ఫైలులో ప్రదర్శకులకు, స్థలానికి వేర్వేరు ట్యాగులు ఇవ్వవచ్చును. ఇవి లేకపోతే కొన్నేళ్ళ తరువాత ఆ పాడినది ఎవరో తెలియకుండా పోవును.

మలచుకొనుట

* ఖతి: తెలుగు పేర్లకు బదులు డబ్బాలు కనిపించినచో, పోతన2000 లేదా లోహిత్ తెలుగు వంటి యూనికోడ్ ఖతిని స్థాపించవలెను.
* శబ్దస్థాయి: పాత గ్రామఫోను రికార్డుల నుండి తీసిన పాటలు, కొత్త పాటలు ఒకే స్థాయిలో వినిపించుటకు రీప్లేగెయిన్‌ను ఎంచుకొనవచ్చును.
* విరామం: కచేరీలు, హరికథలు భాగాలుగా ఉన్నపుడు మధ్యలో నిశ్శబ్దం రాకుండా గ్యాప్‌లెస్ సౌకర్యాన్ని వాడవలెను.
* రేటింగులు: అనేక ప్లేయర్లు వీటిని తమ సొంత డేటాబేసులో దాస్తాయి. అందువలన ప్లేయరు మార్చినపుడు అవి పోతాయి. ఫైలులోనే భద్రపరచే అవకాశం ఉన్నచో దానిని ఎంచుకొనుట మేలు.
* పాటల జాబితాలు: తెలుగు ఫైలు పేర్లు చెడకుండా ఉండుటకు జాబితాను ఎం3యూ8 రూపంలో భద్రపరచవలెను.

తెలుగు అనువాదం

గ్నోమ్, కేడీఈ డెస్కుటాపులను స్వచ్ఛంద అనువాదకులు తెలుగులోకి తెచ్చారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేసినది. సిస్టం భాషగా తెలుగును ఎంచుకొన్నచో, అనువాదమైన ప్లేయర్ల మెనూలు తెలుగులో కనిపిస్తాయి. అనువాదం కాని పదాలు ఆంగ్లంలోనే మిగులుతాయి.

ఇవి కూడా చూడండి

* లినక్సు
* యూనికోడ్
* స్వేచ్ఛా సాఫ్టువేరు
* జముకుల కథ