విశాఖపట్టణ ప్రాంతమందలి కొండల పేళ్లు: వాని చారిత్రక సాక్ష్యము

విశాఖపట్టణమునకు వచ్చు యాత్రికులలోఁ బెక్కండ్రు సముద్రతీరమును, సింహాచలక్షేత్రమును దర్శించి మరలిపోవుదురు. నగరమునకు ఉత్తరమున భీమునిపట్టణము త్రోవలోను, పడమట అనకాపల్లి చేరువను ఉన్న చిన్నకొండలను ఎక్కి చూచువారు కొలఁదిమంది మాత్రమే. అయినను ఈ ప్రాంతముయొక్క ప్రాచీనచరిత్రకు ముఖ్యాధారములు ఆ కొండలమీఁదనే యున్నవి. శిథిలములను గూర్చి పురాతత్త్వజ్ఞులు వ్రాసియున్నారు. ఆ కొండలకుఁ బ్రజలు పెట్టుకొన్న పేళ్లను గూర్చిన విచారము మాత్రము తగినంతగా జరుగలేదు. ఆ పేళ్లు చరిత్రకు ఎంతవఱకు సాక్ష్యమిచ్చునో పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట శంకరము. ఈ గ్రామము విశాఖపట్టణమునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున, అనకాపల్లికి మిక్కిలి చేరువను గలదు. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి ఇది అనకాపల్లి జిల్లాలోనిది. గ్రామసమీపమున రెండు కొండలున్నవి: తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. 1906 మొదలు 1908 దాఁక అలెగ్జాండరు రే అను పురాతత్త్వాధికారి ఇచ్చటఁ ద్రవ్వకములు జరపెను. బొజ్జన్నకొండమీఁద రాతిని తొలిచి చేసిన గుహలును, ఇటుకకట్టడములును, స్తూపములును, విహారముల పునాదులును బయల్పడినవి. ప్రధానగుహయందు పదునాఱు స్తంభముల నడుమ ఏకశిలాస్తూపమును, దానిచుట్టును బ్రదక్షిణమార్గమును గలవు. ద్వారమునకు ఇరుప్రక్కల ద్వారపాలకులును, పైభాగమున ఆసీనుఁడైన బుద్ధుని మూర్తియు మలచఁబడియున్నవి. దొరకిన నాణెములలో సముద్రగుప్తుని బంగారునాణె మొకటియు, విషమసిద్ధి బిరుదముగల తూర్పుచాళుక్యరాజు కుబ్జవిష్ణువర్ధనుని రాగినాణెములును ముఖ్యములు. కాఁబట్టి ఈ విహారము క్రీ. శ. 7వ శతాబ్దివఱకైనను వర్ధిల్లినదని నిశ్చయింపవచ్చును.

గ్రామనామమును గూర్చి పండితులు చెప్పునది ఇది: 'సంఘారామ' శబ్దమే 'శంకరము'గా మాఱినది. మహాప్రాణము అల్పప్రాణమగుటయు, పదమధ్యమున వర్ణలోపము కలుగుటయు జనవ్యవహారమునందు సహజములు. అట్లేర్పడిన అర్థరహితమైన పేరు శివనామముతోఁ గలసి అర్థవంతమగుటయు వింతకాదు. ధ్వనిసామ్య మొక్కటియే ఆధారమైనచో ఈ వ్యుత్పత్తిని ఊహగా మాత్రమే గ్రహింపవలసియుండును. కాని పేరుగల చోటనే నిజముగ సంఘారామము బయల్పడినది. శబ్దమును స్థలమును ఏకీభవించినవి కావున ఈ నిర్ణయము అంగీకారయోగ్యము.

బొజ్జన్నకొండ విషయము వేఱు. 'బుద్ధన్న'యే 'బొజ్జన్న' యయ్యెనని పలువురు తలఁతురు. వినుట కిది ఇంపుగానే యుండును గాని వర్ణపరిణామసూత్రములు దీనికి ఒప్పుకొనవు. ప్రాకృతమునందు జకారద్విత్వము ద్య, ధ్య సంయోగములనుండి పుట్టును. 'విద్య' విజ్జ యగును. 'వైద్య' శబ్దమునుండి తెలుఁగున 'వెజ్జు' కలిగెను. 'ఉపాధ్యాయ' శబ్దము 'ఉవజ్ఝాయ' యై, తెలుఁగున 'ఒజ్జ' యయ్యెను. 'బుద్ధ' శబ్దమందున్నది ద్ధకారము; అందు యకారము లేదు. ప్రాకృతమునందును ఆ ద్ధకారము నిలిచియే యుండును. జనవ్యవహారమున 'బుద్ధి' 'బుద్ది' యగును గాని 'బుజ్జి' కాదు. కావున 'బుద్ధ' నుండి 'బొజ్జ' వచ్చెననుట సాధువుగాఁ దోఁపదు.

మఱి 'బొజ్జ' యనఁగా నేమి? అచ్చతెలుఁగున దానికి కడుపని యర్థము. గుండ్రముగ ఉబ్బిన స్తూపాకృతిని చూచినవారికి బొజ్జ తలఁపునకు వచ్చుట స్వాభావికము. దీనికి లోకాచారమును తోడ్పడుచున్నది. కనుమనాఁడు గ్రామస్థులు ఈ కొండకుఁ బోయి, రాక్షసుని బొజ్జయని చెప్పుకొను శిలాభాగముమీఁద రాళ్లు రువ్వు ఆచార ముండెను. దానిని మాన్పుటకు స్మారకసంరక్షకులు యత్నించిరి. బుద్ధుని పేరే నిలిచియున్నచో ఈ కథ పుట్టుటకు అవకాశ మల్పము.

లింగాలకొండయు ఈ తీరుననే పేరు వడసినది. కొండశిఖరమున వరుసలు వరుసలుగా మలచిన ఏకశిలాస్తూపములు దూరమునుండి చూడఁగా లింగములవలెఁ గన్పట్టును. ధర్మము మఱుఁగుపడిన పిమ్మట జనులు తమ కెఱుకపడిన రూపమును బట్టి పేరు పెట్టుకొనిరి.

ఇఁక నగరమునకు ఉత్తరమున నున్నవి తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ. తొట్లకొండ 1976లో నౌకాదళమువారి ఆకాశపరిశీలనమందు గుర్తింపఁబడెను. 1988 మొదలు 1992 దాఁక రాష్ట్రపురాతత్త్వశాఖ అచ్చటఁ ద్రవ్వించెను. మహాస్తూపము, చైత్యగృహములు, విహారముల గదులు, భోజనశాల మున్నగునవి కాక, శాతవాహనుల సీసపునాణెములును, రోమకుల వెండినాణెములును లభించినవి. సముద్రమార్గమున నడచిన వర్తకమునకును ఈ భిక్షునివాసములకును గల సంబంధమును ఇవి సూచించుచున్నవి. బావికొండయందు 1982 మొదలు 1987 దాఁక జరిగిన త్రవ్వకములలో ధాతుకరండము దొరకెను.

ఈ మూఁడు పేళ్లలోను మతచిహ్న మేమియు లేదు. భిక్షువులు వాననీటిని నిలువచేసికొనుటకు రాతిలోఁ దొలిచిన తొట్లనుబట్టి తొట్లకొండ, బావులనుబట్టి బావికొండ యయ్యెను. పావురాలకొండయందును అట్టి తొట్లు పదునాఱు గలవు; అయినను జనులు అచ్చటి పక్షులనే తలఁచుకొనిరి. స్తూపము లెందులకో మఱచిపోయిరి. పశువులకుఁ, గాపరులకు ఉపయోగపడు నీటిని మఱువలేదు.

శంకరమున నిలిచిన సంఘారామనామము ఇచ్చట నిలువకుండుటకుఁ గారణ మేమి? నాకుఁ దోఁచిన సమాధాన మిది. తొట్లకొండ, బావికొండలయందలి నివాసములు క్రీ. శ. 3వ శతాబ్దిప్రాంతమున క్షీణించినవి. శంకరమందలి విహారము చాళుక్యకాలమువఱకును, అనఁగా తెలుఁగు శాసనభాషగాఁ బ్రబలిన దినములవఱకును, నిలిచియుండెను. తెలుఁగుపల్లెయు సంఘారామమును ఏకకాలమున నుండుటచే ఆ పేరు పల్లెకు సంక్రమించి, విహారము పాడువడినను నిలిచెను. ఉత్తరపుకొండలయందు ఆ సంధి ముందే తెగిపోయెను. కొలఁది స్థలములనుబట్టి చేసిన ఈ యూహను సిద్ధాంతముగాఁ జెప్పఁజాలము. కళింగాంధ్రమందలి యితర బౌద్ధస్థలముల పేళ్లతో సరిపోల్చి దీనిని పరీక్షింపవలెను.

ఈ విచారము శబ్దవినోదము మాత్రమే కాదు. పేరు తప్పుగా గ్రహింపఁబడినచో స్మారకమునకే హాని కలుగునని బొజ్జన్నకొండమీఁది రాళ్లు చెప్పుచున్నవి. కొండలమీఁది కట్టడములు శాశ్వతములును గావు: 2019 అక్టోబరునందలి వర్షములకు తొట్లకొండ మహాస్తూపములోఁ గొంతభాగము కూలినది. ఇటుకలను మరలఁ బేర్పవచ్చును. వాడుకనుండి తొలఁగిన పేరును మరలఁ దెచ్చుట సాధ్యము కాదు. నగరము గ్రామములను గలుపుకొని పెరుగుచున్నది. గుట్టలకును, చెఱువులకును ముదుసలులు వాడు పేళ్లు నూతనవీథుల పేళ్లక్రింద అణఁగిపోవుచున్నవి. పాఠశాలాపండితులు తమతమ గ్రామములయందలి గుట్టల పేళ్లను, వానిఁ గూర్చిన కథలతోఁ గూడ, విన్నది విన్నట్లు వ్రాసి యుంచుదురేని చరిత్రకు గొప్ప మే లగును. వ్యుత్పత్తినిర్ణయము తరువాతఁ జేయవచ్చును. ముందుగా పేరు నిలువవలెను.