యాంగోన్ సెలూన్లలో తడి చేతులు, మూసిన గదులు: కేశాలంకరణ కార్మికుల వృత్తి ఆరోగ్యం

కేశాలంకరణ వృత్తిలో జబ్బు సాధారణంగా చేతుల మీద మొదలవుతుంది. వేళ్ల సందుల్లో ఎరుపు, దురద, పగుళ్లు కనిపించే ఈ చర్మశోథకు మూలం చాలాసార్లు రంగు కాదు; నీరు, షాంపూలే. రోజుకు రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉండే పనిని జర్మనీ నిబంధనలు ప్రమాదకరమైన తడిపనిగా లెక్కిస్తాయి. మయన్మార్‌లోని యాంగోన్‌లో ఈ హద్దు దాటడం ఎంతో తేలిక. అక్కడ తలస్నానం కత్తిరింపుకు ముందు చేసే చిన్న పని కాదు, దానికదే ఒక సేవ. కస్టమర్‌ను పడుకోబెట్టి తల రుద్ది, మాడు, మెడ మర్దనా చేస్తారు. ఆ పని ఎక్కువగా కొత్తగా చేరినవాళ్ల వంతుకే వస్తుంది. చర్మం మీది నూనెపొర కరిగి పగుళ్లు పడ్డాక, నల్లరంగుల్లో ఉండే పారాఫెనిలీన్‌డయమిన్ లోపలికి సులువుగా చేరుతుంది. దానికి ఎలర్జీ ఒకసారి ఏర్పడితే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పని నేర్చుకునే వయసులోనే వృత్తి వదులుకోవలసి రావడానికి ఇదొక కారణం.

ఈ విషయంలో 'సహజమైనది' అన్న మాట పెద్దగా భరోసా ఇవ్వదు. తింజాన్ పండుగ ముగిశాక బర్మీయులు కొత్త సంవత్సరానికి తయో చెట్టు బెరడు, శీకాయ కలిపి కాచిన నీటితో తల రుద్దుకుంటారు. ఇంట్లో ఏడాదికోసారి అది హాయే. అదే నీటిలో పొద్దంతా చేతులు నానితే మాత్రం చర్మం ఓర్చుకోదు.

గాలి సంగతి గది ఆకారంతో ముడిపడి ఉంది. యాంగోన్ నడిబొడ్డున పాత వీధి ఇళ్లు సుమారు 12 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు ఉంటాయి. గాలి ముందు, వెనుకల నుంచి మాత్రమే రావాలి. ఏసీ కోసం ముందు అద్దం బిగిస్తే ఆ దారీ పోతుంది. కొన్ని స్ట్రెయిటెనింగ్ ద్రావణాలు పూసిన జుట్టు మీద 200 డిగ్రీల సెల్సియస్ దరిదాపు వేడి ఇస్త్రీ నడిపితే ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. సీసా మీద ఆ పేరు లేకపోయినా, మిథిలీన్ గ్లైకాల్ అని ఉంటే ఫలితం అదే. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2011లో దీనిపై ప్రత్యేక హెచ్చరిక జారీ చేసింది. బ్లీచ్ పొడిలోని పర్‌సల్ఫేట్లు ఉబ్బసం తెస్తాయి. 2021 తర్వాత పెరిగిన కరెంటు కోతల్లో ఫ్యాన్లు ఆగుతాయి. గుమ్మం దగ్గర జనరేటర్ పెడితే దాని పొగా లోపలికే వస్తుంది.

కేశాలంకరణ, క్షౌర వృత్తులను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'బహుశా క్యాన్సర్ కారకం' అనే 2ఎ వర్గంలో ఉంచింది. ఫార్మాల్డిహైడ్ మాత్రం నిర్ధారిత కారకాల జాబితాలో ఉంది. ఈ రెండూ ఒకటే స్థాయి నిర్ధారణలు కావు.

భుజం, నడుము నొప్పులు, కాళ్లలో సిరల ఉబ్బు ఎక్కడి సెలూన్‌లోనైనా ఉన్నవే. కత్తిగాట్లను మాత్రం మయన్మార్‌లో తేలిగ్గా తీసుకోకూడదు. రక్తం ద్వారా సోకే జబ్బుల్లో, 2015 జాతీయ సర్వేలో హెపటైటిస్ బి 6.5 శాతం, హెపటైటిస్ సి 2.7 శాతం మందిలో కనిపించాయి. బి రకానికి టీకా ఉంది, సి రకానికి లేదు.

చట్టాలు లేకపోలేదు. దుకాణాలు, సంస్థల చట్టం (2016) పనిని రోజుకు 8, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం 2019లో వచ్చింది. కానీ 2012 సామాజిక భద్రతా చట్టం కింద నమోదు ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న చోటే తప్పనిసరి. ఇద్దరు ముగ్గురితో నడిచే సెలూన్‌లో చేతులు పాడైన మనిషికి వైద్యం, ఆదాయం రెండూ సొంత భారమే.

అటువంటి చోట ఖర్చు లేని మార్పులకే విలువెక్కువ. రంగు వేయకముందే జుట్టు కత్తిరించడం వాటిలో ఒకటి. అప్పుడే రంగు వేసిన జుట్టును ఉత్తచేతులతో పట్టి కత్తిరిస్తే, గ్లవుజులు తొడిగి రంగు వేసిన జాగ్రత్త వృథా. వాడిన గ్లవుజులను తిరగేసి మళ్లీ తొడిగితే రంగు నేరుగా చర్మానికే తగులుతుంది. తలస్నానాలను ఒక్కరికే వదలకుండా పంచుకోవడం, స్ట్రెయిటెనింగ్ కుర్చీని తెరిచిన తలుపు దగ్గరికి జరపడం కూడా యజమాని ఆ రోజే చేయగల పనులు.