న్యాయస్థానపు దస్తావేజు నడచిన దారి

న్యాయస్థానము తన యెదుటకు వచ్చిన ప్రతి దస్తావేజును గూర్చి రెండు ప్రశ్నలు వేయును. ఇది మొదట వ్రాసినప్పుడు ఉన్నట్లే ఉన్నదా? దీనితో సంబంధమున్నవారు దీనిని సకాలమున చూడగలరా? నేడు వకీళ్లు దావాలను కంప్యూటరు ద్వారా దాఖలు చేయుచున్నారు. కక్షిదారులు తీర్పులను సెల్‌ఫోనులోనే చూచుకొనుచున్నారు. పద్ధతి క్రొత్తదే గాని ప్రశ్నలు పాతవి. గోదావరి డెల్టాలో ఆ ప్రశ్నలకు కాలక్రమమున ఎట్టి సమాధానములు దొరకినవో చూతము.

రాజరాజనరేంద్రుడు 11వ శతాబ్ది మధ్యభాగమున నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు దానమిచ్చెను. ఆ శాసనమును రచించినవాడు నన్నయభట్టు. వేంగీ చాళుక్యులు ఇట్టి దానపత్రములను రాగిరేకులపై చెక్కించెడివారు. రేకులకు రంధ్రము చేసి, కడియము గ్రుచ్చి, దాని కొనలను రాజముద్ర అడుగున అతికించెడివారు. వరాహ చిహ్నమును, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను అక్షరములును ఆ ముద్రపై కనబడును. కడియమును కోయనిదే ఒక రేకును తీసి మరియొకటి చేర్చుట సాధ్యము కాదు. మొదటి ప్రశ్నకు ఇది చక్కని సమాధానము. రెండవదానికి మాత్రము కాదు. రేకులు ఎవరి ఇంట నున్నవో వారే వాటిని చూడగలరు.

1802లో మద్రాసు ప్రభుత్వము చేసిన రెగ్యులేషన్లతో జిల్లా అదాలతులు వచ్చినవి. క్రమముగా స్టాంపు కాగితము, రికార్డు గది, నకళ్ల దరఖాస్తు వాడుకలోనికి వచ్చినవి. నకలు కావలసినవాడు గుమాస్తా దానిని చేతితో వ్రాసి యిచ్చువరకు వేచియుండవలెను. కచేరీ వ్యవహారములతోపాటు అక్రమములును పెరిగినవి. కందుకూరి వీరేశలింగము 1880లో రచించిన ‘వ్యవహార ధర్మబోధిని’ నాటకము వాటినే ఎగతాళి చేసినది.

దూరము మరియొక చిక్కు. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడినప్పుడు డెల్టాకు రైలు లేదు; ప్రయాణమునకు కాలువ పడవలే పెద్ద ఆధారము. పిఠాపురము జమీందారీని వీలునామా ద్వారా ఇచ్చివేయవచ్చునా అను వివాదము లండనులోని ప్రీవీ కౌన్సిలు దాక పోయి 1899లో తేలినది. అట్టి అప్పీళ్లకు రికార్డును గ్రంథముగా అచ్చువేయించి ఓడలో పంపవలసి యుండెను. ప్రీవీ కౌన్సిలు అధికారము 1949లో ముగిసినది. హైకోర్టు 1954లో గుంటూరునకు, 1956లో హైదరాబాదునకు, 2019 జనవరి 1న అమరావతికి వచ్చినది. కోర్టు మారినప్పుడెల్ల కాగితపు దారియు మారినది.

కాగితపు భారము ఇతర దేశములలోను కలదు. అమెరికాలో ఓడలపై పనిచేసినవారు ఆస్బెస్టాసు వలన కలిగిన రోగములకై వేసిన దావాలు వెల్లువెత్తగా, 1996 ప్రాంతమున ఒహాయోలోని ఒక ఫెడరలు కోర్టు ఎలక్ట్రానిక్ దాఖలాను ప్రయోగించి చూచినది. మన దేశమున 2000 అక్టోబరు 17న అమలులోనికి వచ్చిన సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ రికార్డుకును, డిజిటలు సంతకమునకును గుర్తింపునిచ్చెను. 2006లో సుప్రీముకోర్టు ఎలక్ట్రానిక్ దాఖలాను ఆరంభించెను. 2007 నుండి ఈ-కోర్టుల పథకము జిల్లా న్యాయస్థానములకు కంప్యూటర్లను తెచ్చినది. ఇప్పుడు ప్రతి వ్యాజ్యమునకు 16 స్థానములు గల ఒక గుర్తు ఉండును. అందు మొదటి రెండు అక్షరములు రాష్ట్రమును, తరువాతి రెండు జిల్లాను, ఆపై రెండు స్థానములు న్యాయస్థానమును, మిగిలిన అంకెలు వరుససంఖ్యను, సంవత్సరమును తెలుపును. రాజోలు రైతు ఈ గుర్తుతో తన వాయిదా తేదీని ఇంటనే తెలిసికొనవచ్చును.

మరి, కడియము లేని ఈ దస్తావేజునకు రక్షణ యేమి? ఫైలులోని అక్షరములన్నియు కంప్యూటరునకు అంకెలే. హాష్ అను గణితక్రియ ఆ అంకెలన్నిటినుండి ఒకే సంఖ్యను తీయును. విరివిగా వాడబడు ఒక పద్ధతిలో దాని పొడవు 256 బిట్లు. దస్తావేజులో 10 ఎకరములను 11గా దిద్దినచో ఆ సంఖ్య పూర్తిగా మారిపోవును. సంతకము చేయువాడు ఆ సంఖ్యకు తన రహస్యపు తాళపుచెవితో ముద్రవేయును. అతని బహిరంగపు తాళపుచెవితో ఎవరైనను దానిని సరిచూడవచ్చును. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య చట్టము ఎలక్ట్రానిక్ సాక్ష్యముతో ఇచ్చు ధ్రువపత్రమున ఈ హాష్ విలువను వ్రాయుమనుచున్నది.

అయినను ఈ ముద్రకు ఒక హద్దు కలదు. ముద్రకు ముందే అబద్ధము వ్రాసియున్నచో ముద్ర దానిని నిజము చేయజాలదు. స్కాను చేసిన క్రయపత్రము క్రయపత్రపు బొమ్మ మాత్రమే. వివాదము వచ్చినప్పుడు అసలును చూపవలసి యుండును. కావున స్కాను అయినదని పాత కాగితమును పారవేయరాదు.

రెండవ ప్రశ్నయు పూర్తిగా తీరలేదు. వాయిదా తెలిసినను, ఇంగ్లీషు తీర్పు అర్థముకానివానికి తలుపు సగమే తెరచినట్లు. ఇందుకై తీర్పుల అనువాదమునకు 2019లో ‘సువాస్’ అను యంత్రసాధనము వచ్చినది. అది పనిచేయు భాషలలో తెలుగు ఒకటి. కంప్యూటరు లేనివారికి కోర్టు ఆవరణలలో ఈ-సేవా కేంద్రములు ఏర్పడుచున్నవి. కాని కుటుంబ కలహములు, పిల్లల విషయములు అందరికిని కనబడకుండ కాపాడుటయు అంతే అవసరము.

2023లో ఆమోదము పొందిన ఈ-కోర్టుల మూడవ దశకు 7,210 కోట్ల రూపాయలు కేటాయించిరి. పాత రికార్డులను డిజిటలు రూపమునకు మార్చి భద్రపరచుట అందు ముఖ్యమైన పని. రాగిరేకును వేయేండ్లకును కంటితో చదువవచ్చును. కంప్యూటరు ఫైలును చదువుటకు యంత్రము, ప్రోగ్రాము కావలెను. అవి పాతబడినప్పుడెల్ల ఫైలును క్రొత్త రూపమునకు మార్చుచుండవలెను. డెల్టాలో భూమి తగవులు తాతనాడు మొదలై మనుమనినాటికి తేలుట కలదు. తాత దాఖలు చేసిన ఫైలు మనుమని చేతిలో తెరచుకొనిననాడే ఈ పద్ధతి ఫలించినట్లు.