బొమ్మరిండ్లు చెప్పు చరిత్ర

ఇసుకలో పిచ్చుక గూళ్ళు కట్టుట, బొమ్మల పెండ్లి చేయుట, సంక్రాంతికి మెట్లమీద బొమ్మలకొలువు తీర్చుట తెలుగు లోగిళ్ళలో బాలికలకు తరతరములుగా వచ్చుచున్న వేడుకలు. ఐరోపా ఖండమున ఇట్టి వేడుకయే మరియొక రూపము దాల్చినది. అచ్చట పెద్దవారే ఒక బీరువాను అరలుగా విభజించి, ఒక్కొక్క అరను ఒక్కొక్క గదిగా అలంకరించి, గృహమునందుండు వస్తువుల నెల్ల చిన్న కొలతలో చేయించి అందమర్చిరి. అదియే బొమ్మరిల్లు. దానిని సమకూర్చుట కొందరికి ఏండ్ల తరబడి సాగిన వ్యాసంగమైనది.

చరిత్రకు తెలిసిన తొలి బొమ్మరిండ్లలో నొకటి జర్మనీలోని బవేరియా ప్రభువగు అయిదవ ఆల్బ్రెక్టు 1558 ప్రాంతమున చేయించినది. అది నేడు లేదు. అయినను 1598లో వ్రాసిన ప్రభువుల వస్తువుల పట్టికలో దాని వర్ణనము నిలిచియున్నది. నురెంబర్గు నగరమున ఆనా క్యోఫర్లిన్ అను స్త్రీ ఒక బొమ్మరింటిని సమకూర్చి, 1631లో రుసుము పుచ్చుకొని జనులకు చూపెను. దానిని చూచి పిల్లలు గృహనిర్వహణము నేర్వవలెనని ఆమె యుద్దేశము. ఆ యిల్లు కూడ కాలగర్భమున కలిసినది. ఆమె అచ్చొత్తించిన కరపత్రము మాత్రము మిగిలినది.

హాలెండు దేశమున ఈ కళ పరాకాష్ఠ నందినది. ఆమ్‌స్టర్‌డాము నగరమున పెట్రొనెల్లా ఊర్ట్‌మన్ అను వర్తకుని భార్య 1686కును 1710కిని నడుమ ఒక బొమ్మరింటిని తీర్చెను. బీరువాకు తాబేటి చిప్పయు తగరమును పొదిగించెను. చిట్టి పింగాణి పాత్రలను చైనానుండి తెప్పించెను. కాలువగట్టున నిజమైన యిల్లు కొనుటకు చాలినంత ధనము దానికి వ్యయమైనదని చెప్పుదురు. అందు వంటిల్లు, బాలింత గది, బట్టలారవేయు గది మున్నగునవి కలవు. రాజుల యుద్ధములను వర్ణించు గ్రంథములలో బాలింత గది యెట్లుండెనో కానరాదు. గృహిణి దినచర్యకు వానిలో చోటు లేదు. ఆ దినచర్యకు ఈ బీరువా సాక్ష్యమైనది. అది నేడు ఆమ్‌స్టర్‌డాములోని రైక్స్ మ్యూజియమున నున్నది. అందలి మైనపు బొమ్మలు చాలవరకు పోయినవి. అయితే యాకోబ్ అపెల్ అను చిత్రకారుడు 1710 ప్రాంతమున ఆ బొమ్మరింటినే చిత్రించి యుండుటచే, ఏ గదిలో నెవరుండిరో తెలియుచున్నది.

సారా రోతే అను మరియొక డచ్చి గృహిణి 1743లో మూడు పాత బొమ్మరిండ్లను వేలములో కొని, అందలి వస్తువులతో క్రొత్త యిండ్లను అమర్చెను. కొన్ని చిట్టి బట్టలను తానే కుట్టెను. అంతకన్న ముఖ్యమైన పని, తాను కొన్న వస్తువులను, వాని వెలలను స్వహస్తముతో వ్రాసియుంచుట. ఆమె బొమ్మరిండ్లు హార్లెం, ది హేగ్ నగరముల మ్యూజియములలో నున్నవి. ఆ లెక్కల వలననే పండితులు వాని పూర్వోత్తరములను నిర్ణయింప గలుగుచున్నారు.

ఇరువదవ శతాబ్దిలో ఇంగ్లండు రాణి మేరీకి కానుకగా నొక బొమ్మరిల్లు 1921 మొదలు 1924 వరకు నిర్మింపబడెను. ఢిల్లీలోని రాష్ట్రపతి భవనమునకును, నిజాము ప్రభువుకై కట్టిన హైదరాబాదు హౌసునకును రూపకల్పన చేసిన ఎడ్విన్ లుట్యెన్సే దీనికిని శిల్పి. నిజమైన ఇంటి అడుగునకు ఇందు అంగుళము కొలత. విద్యుద్దీపములు వెలుగును, కుళాయిలలో నీరు ప్రవహించును. 1924లో వెంబ్లీ ప్రదర్శనమున పదియారు లక్షలకు పైగా జనులు దీనిని చూచిరి. పిమ్మట అది విండ్సర్ కోటకు చేరినది. అందొక గ్రంథాలయము కూడ కలదు. కిప్లింగు, హార్డీ, కానన్ డాయిల్ మున్నగు రచయితలు తమ రచనలను చిట్టి పుస్తకములుగా అందుకు సమర్పించిరి. బెర్నార్డు షా మాత్రము నిరాకరించెను. బొమ్మలయిల్లైనను, పుస్తకములు లేనిదే యిల్లు సంపూర్ణము కాదని దానిని కట్టినవారు తలంచిరి.

ఈ కథలన్నిటను ఒక్క సత్యము గోచరించును. కొయ్యయు మైనమును నశించినవి, వ్రాత నిలిచినది. తెలుగు లోగిళ్ళలో తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు, అమ్మమ్మలనాటి మట్టిబొమ్మలు కొలువులలో కానవచ్చును. అవి ఏ యేట వచ్చినవి, ఎవరి చేతిపని, ఏ కాన్పుకో ఏ పెండ్లికో ఎవరు తెచ్చియిచ్చిరి అను సంగతులు ముసలివారి నోటనే యుండును. వారితోడనే అవియు పోవును. కొలువు తీర్చిననాడే ఒక నోటు పుస్తకమున బొమ్మల పట్టిక వ్రాసి, దాని నకలు నొకదానిని ఊరి గ్రంథాలయమున నుంచినచో, ముందుతరమువారికి ఆ యిండ్ల చరిత్ర మిగులును. సారా రోతే చేసినపని ఇంతియే. దానికి ధనము అక్కరలేదు. ఒక సాయంకాలము చాలును.